రిలీవర్ వచ్చేదాకా

1993 సెప్టెంబరు 18, శనివారం. ఆ పొద్దున్న నేను తిన్నది ముందురోజు విశ్వకర్మ పూజ ప్రసాదం, బూందీ. రాత్రంతా తడి గాలికి మెత్తబడి ముద్దయింది. టీ నీళ్లతో దాన్ని మింగి, గొడుగు తీసుకుని బడికి బయల్దేరాను. నా భార్య వనజాక్షి పోయాక పొద్దున్నపూట పొయ్యి వెలిగించడం మానేశాను. ఆ సంగతి తెలిసి మా కూలీల బస్తీ క్యాంప్ 2లో ఎవరో ఒకరు ఏదో ఒకటి నా గుమ్మంలో పెట్టి పోతుంటారు. అడిగితే ఒప్పుకోరు. ఆ రోజు పొట్లానికి ఎర్ర దుమ్ము అంటుకుని ఉంది కాబట్టి అది నూకమ్మ పనే అని తెలిసింది. ఆమె ఉక్కు ప్లాంటులో ఇనుప ఖనిజం వెళ్లే బెల్టుల కింద ఊడుస్తుంది. ఆ దుమ్ము ఆమె జడలోంచి, చీరలోంచి, చివరికి దేవుడి ప్రసాదంలోంచి కూడా పోదు.

నేను ట్రస్టు బడిలో సోషల్ చెప్పేవాణ్ణి. ట్రస్టు అంటే గురునాథరావు. ప్లాంటుకి కూలి మనుషుల్ని సరఫరా చేసే ఠేకేదారు. ఒకప్పుడు శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊళ్లో రేకుపెట్టెతో దిగినవాడే. తన కింద పనిచేసేవాళ్ల పిల్లల కోసం హైస్కూలు పెట్టాడు. పదో తరగతి ఫలితాలు నూటికి నూరు అని గేటు మీద ఏటా కొత్త రంగుతో రాయిస్తాడు. ఆ నూరు ఎలా వస్తుందో ఆ శనివారం ప్రార్థనలో బడంతా చూసింది.

ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు లక్ష్మీప్రసాద్ కొన్ని పేర్లు చదివారు. అందరూ పదో తరగతి సి సెక్షన్ పిల్లలే. ఒక్కొక్కరే వరసలోంచి బయటికొచ్చి తుంపరలో పక్కన నిలబడ్డారు.

"ఈ మూణ్ణెల్ల తిమాహీ పరీక్షలో మీ ప్రతాపం చూశాం. వచ్చే వారం బోర్డుకి పేర్లు పంపాలి. మీ పేర్లు బడి తరఫున వెళ్లవు. టీసీలు తీసుకుని ప్రైవేటుగా రాసుకోండి. పుస్తకాలు సర్దుకుని ఇళ్లకు వెళ్లండి."

భాగ్యరేఖ చెయ్యెత్తింది. నూకమ్మ కూతురు. పదిహేనేళ్ల పిల్ల.

"సర్, నాకు లెక్కల్లోనే తగ్గింది సర్. ఆ క్లాసుకి టీచర్ లేరు కదా సర్."

"జబాన్ మత్ లడానా. ఎదురు మాట్లాడకు. వెళ్లమన్నానా లేదా?"

"ప్రైవేట్ అంటే క్లాసుకి రాకూడదా సర్?"

"రాకూడదు."

ఆమె పక్కన నిలబడ్డ హార్వే, "చలో యార్, దీవాళీ ఛుట్టీ ముందే ఇచ్చేశారు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాడూ నవ్వలేదు.

షిఫ్టుల్లో పనిచేసే మిత్రులు, బడుల్లో చదివే మిత్రులు చదువుతారని ఇది రాస్తున్నాను. మీకు సి సెక్షన్ అంటే ఏమిటో చెప్పాలి. తొమ్మిదో తరగతిలో చేరిన మొదటి రోజే పిల్లల్ని మార్కుల్ని బట్టి ఏ, బి, సి అని మూడుగా విడదీసేవారు. ఆఖరి వాళ్లకి బడి వెనకాల రేకుల గది. ఎండాకాలం అది పెనం, వానాకాలం డప్పు. లెక్కలకీ సైన్సుకీ టీచర్లెవరూ వెళ్లేవారు కాదు. నేను వెళ్లేసరికి సగంమంది నిద్రలో ఉండేవారు. వాళ్లకి నిద్ర ఎందుకు వస్తుందో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. తండ్రి ఫస్ట్ షిఫ్టుకి వెళ్లే ఇంట్లో కూతురు నాలుగింటికి లేస్తుంది. కుళాయి దగ్గర వరసలో నిలబడుతుంది. అన్నం వండి క్యారియరు కడుతుంది. చిన్నవాళ్లకి స్నానాలు చేయించి, తను తినీ తినక బడికి వస్తుంది. అక్కడ కళ్లు మూతపడితే బెంచీ ఎక్కిస్తారు. బెంచీ ఎక్కిన పిల్ల రోజంతా తన కాళ్లు చూసుకోవడం తప్ప ఏమీ నేర్చుకోదు.

బయటికి పంపిన పిల్లలు ఏమవుతారో కూడా మాకు తెలుసు. ప్రైవేటు పరీక్ష ఎవరూ రాయరు. ఏడాది తిరిగేలోపు హెల్మెట్టు పెట్టుకుని గురునాథరావు ట్రక్కు ఎక్కుతారు. ఒక గేటులోంచి తోసేసి ఇంకో గేటులోంచి లోపలికి తీసుకుంటాడు. రెండు గేట్లూ ఆయనవే.

సాయంత్రం నేను నూకమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె భర్త చినబాబుది కోక్ ఓవెన్ల దగ్గర, అంటే బొగ్గు కాల్చే కొలుముల ముందు పని. గురునాథరావు కిందే. షిఫ్టు దిగి వచ్చి, విషయం విని, వాకిట్లో నిలబడి కోపంతో ఊగిపోతున్నాడు. చేతిలో చెప్పు.

"ఏటే, బడిలోంచి గెంటేసినారా? ఆ నిప్పుల్లో సచ్చి నిన్ను సదివిత్తంటే క్లాసులో తొంగుంటావేటే?"

"కొట్టు నాన్నా. కొట్టాక అడుగు, ఎందుకు తొంగున్నానో."

"ఎందుకు తొంగున్నావు?"

"పొద్దున్న నీకు క్యారియర్ ఎవరు కట్టారు?"

చినబాబు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నూకమ్మ వచ్చి ఆ చేతిలోంచి చెప్పు తీసుకుని అతని కాలి ముందు పెట్టింది.

"ఏసుకో. నేల తడిగుంది," అంది.

అప్పటికి సందులో జనం చేరారు. పేర్లు చదివిన పిల్లల తల్లిదండ్రులు ఒక్కొక్కరే వచ్చారు. నన్ను చూసి అందరిదీ ఒకటే ప్రశ్న.

"మాస్టారూ, నిజం సెప్పండి. మా పిల్లలకి సదువు రాదేటి?"

"వస్తుంది. ఆ గదిలో చెప్పేవాళ్లు లేరు," అన్నాను.

"ఐతే పోయి అడుగుదాం," అంది మణిమాల. ఆమె నూకమ్మతోపాటు ఊడ్చే మనిషి. ఆమె కొడుకునీ హార్వేతో పాటే బయటికి పంపారు.

"అడుగుతారు! పోయినేడు రైలు పట్టాల మీద ఏటయిందో మరిసిపోనారా?" అన్నాడు చిన్నారావు అనే ముసలాయన. "కూలి కోసం కూకుంటేనే తుపాకులు పేల్చినారు. పిల్లల పేర్ల కోసం కూకుంటారా?"

"పిల్లల కోసం కాకపోతే మరెవులి కోసం కూకుంటావు తాతా?" అంది నూకమ్మ. గట్టిగా అనలేదు. పొద్దున్నుంచీ ఊడ్చిన మనిషి, గట్టిగా అనే ఓపిక లేదు.

ఆదివారం అందరం గురునాథరావు బంగళాకి వెళ్లాం. ఆయన కసరలేదు. పోర్టికోలో నిలబెట్టి టీ ఇప్పించాడు.

"చూడమ్మా, అందరి బుర్రలూ ఒకలా ఉండవు. చదువు అంటని పిల్లని బోర్డు పరీక్షకి తోస్తే మనసు విరిగిపోతుంది. మీ మంచికే చెబుతున్నాను. వయసు రాగానే నా సైటులో నేనే పెట్టుకుంటాను. మన ఊరివాళ్లని నేను వదులుకుంటానా?"

నూకమ్మ టీ గ్లాసు ముట్టుకోలేదు.

"మీ అబ్బాయిగారు తొమ్మిదిలో రెండేళ్లు ఉండిపోనారు కదా బాబూ. ఆయన్ని ఏ సైట్లో ఎట్టినారు?"

గురునాథరావు తన గ్లాసు గట్టు మీద పెట్టాడు.

"వాడి సంగతి వేరు."

"ఏటి వేరు బాబూ?"

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. టీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన పనావిడ నూకమ్మ భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి తీసేసింది.

తిరిగి వస్తూ దారిలోనే వాదన మొదలైంది. సోమవారం పిల్లల్ని మళ్లీ ఆ గదిలోనే కూర్చోబెట్టాలి, ఎవరూ బయటికి లాగకుండా పెద్దలు వరండాలో కాపలా ఉండాలి అన్నంతవరకూ కుదిరింది. కానీ ఎవరుంటారు? ఒకరిది ఫస్ట్ షిఫ్టు, ఒకరిది సెకండ్, ఒకరిది నైట్. పని మానితే తిండి లేదు.

"డ్యూటీ కట్టుకుందాం," అన్నాడు చినబాబు. "ఓవెన్ కాడ ఏటి సేత్తాం? రిలీవర్ వచ్చేదాకా కదలం. ఇక్కడా అంతే. వచ్చినోడు కూకున్నాకే కూకున్నోడు లేవాల."

ప్లాంటు తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. నిప్పు ముందు నుంచి మనిషి ఊరికే లేచి రాడు. తరవాతి షిఫ్టువాడు వచ్చి, ఎదురుగా నిలబడి, సంగతులన్నీ విని, సరే అన్నాకే అతనికి విడుదల. రిలీవర్ రాకపోతే ఎన్ని గంటలైనా అక్కడే. ఆ అలవాటు వాళ్ల ఎముకల్లోకి పోయింది. దాన్ని ఎప్పుడూ యజమాని కోసమే వాడారు. ఆ ఆదివారం మొదటిసారి తమ కోసం తీసుకున్నారు.

సోమవారం పిల్లలు రేకుల గదిలో కూర్చున్నారు. బయట వరండాలో నైట్ షిఫ్టు దిగినవాళ్లు గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నారు. హెడ్మాస్టరు పరుగున వచ్చారు.

"ఇది బడి! సత్రం కాదు!"

"సత్రమైతే అన్నమేనా ఎట్టేవోరు సార్," అంది మణిమాల, ఆ రోజు కూలి వదులుకుని వచ్చి.

నేను లోపలికి వెళ్లి పాఠం మొదలుపెట్టాను. నా పీరియడ్ అయిపోయాక కూడా బయటికి రాలేదు. ఏం కావాలో ముందు మీరు చెప్పండి అని పిల్లల్ని అడిగాను. పాతికేళ్లు పాఠాలు చెప్పాను గాని ఆ ప్రశ్న వాళ్లకి కొత్త, నాకూ కొత్త. తరవాత భాగ్యరేఖ అంది:

"మొదటి గంట పడుకోనివ్వండి సర్."

నవ్వారు. నేను సరే అన్నాను. తలలు బెంచీల మీద వాల్చి నిజంగానే పడుకున్నారు. వరండాలో తండ్రులు, లోపల పిల్లలు, అందరూ ఒకే నిద్ర. మణిమాల తలుపు దగ్గర కూర్చుని కొంగుతో ఈగలు తోలింది.

మర్నాడు దెబోరా టీచర్ వచ్చింది. ఏ సెక్షన్‌కి లెక్కలు చెప్పే మనిషి. చాలా కచ్చితం. ఆమె క్లాసులో సుద్దముక్క కింద పడినా భయం వేస్తుంది.

"మాస్టారూ, మీరు వీళ్లని పాడుచేస్తున్నారు. క్లాసులో నిద్ర ఏంటండీ?"

"మేడమ్, నేనిప్పుడే లేచాను. ఇప్పుడు ఓ లెక్క ఇచ్చి చూడండి," అంది భాగ్యరేఖ.

దెబోరా బోర్డు మీద లెక్క రాసింది. పిల్ల సగం వరకు చేసి ఆగింది. అక్కడి నుంచి ముందుకు ఎలా పోవాలో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదని ఆగిన చోటే తెలిసిపోయింది. టీచర్ సుద్దముక్క అందుకుని మిగతా సగం చెప్పింది. గంట కొట్టినా వెళ్లలేదు.

బుధవారం ఆమె ఏ సెక్షన్ పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చింది. ఇరుక్కుని కూర్చున్నారు. ఆ సెక్షన్‌లో మొదటి ర్యాంకు ఏంజెలాది. ఆ పిల్ల రేకుల గదిని చుట్టూ చూసి మెల్లగా అంది:

"మేడమ్, మార్కులు తగ్గితే ఇక్కడికి పంపేస్తారని నాకు పొద్దున్న అన్నం దిగదు. వాంతి వస్తుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

దెబోరా టీచర్ ముఖం తిప్పుకుని చాలాసేపు బోర్డు తుడిచింది. బోర్డు మీద ఏమీ లేదు.

ఆ రోజు పన్నెండింటికి వరండాలో సభ లాంటిది జరిగింది. పిల్లల పేర్లు పంపాలన్నది ఒక్కటే మొదట అనుకున్న కోరిక. పిల్లలు ఒప్పుకోలేదు. సెక్షన్లు తీసేయాలి, అందరూ కలిసి కూర్చోవాలి అన్నారు. రేకుల గదికి టీచర్లు రావాలి అన్నారు. అర్థం కాలేదని చెబితే తిట్టకూడదు అన్నారు. బెంచీ ఎక్కించకూడదు, కొట్టకూడదు అన్నారు. అక్కడ పెద్దలు అడ్డం తిరిగారు.

"దెబ్బల్లేకుండా సదువేటి?" అన్నాడు చిన్నారావు. "దెబ్బ పడితేనే బుర్ర కదులుతాది."

హార్వే లేచాడు. "తాతా, నువ్వు ఓవెన్ పని దెబ్బలు తిని నేర్చుకున్నావా?"

"నన్ను కొట్టినోడు బతికి బట్టకడతాడేట్రా?"

"మరి?"

నవ్వులు రేకుల దాకా లేచాయి. చిన్నారావు కూడా నవ్వాడు. చినబాబు ఒక్కడే నవ్వలేదు. తన చేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ చేతులు ఓవెన్ వేడికి కమిలి గోరింటాకు పెట్టినట్టుంటాయి. కాసేపటికి, "మన కోరికల్లో ఆ మాట కూడా ఎయ్యండి. కొట్టకూడదని," అన్నాడు.

గురువారం పొద్దున్న గురునాథరావు దగ్గర లెక్కలు రాసే మున్షీ సందు సందూ తిరిగి చెప్పాడు. బడి వరండాలో కనిపించినవాళ్లకి గేటు పాసు ఉండదు, అంటే పని ఉండదు. పది గంటలకల్లా వరండా పలచబడింది. వాళ్లనేమీ అనలేను. ఒకతను వెళ్తూ వెళ్తూ తన కొడుక్కి తెచ్చిన రొట్టెలు మిగతా పిల్లలకి పంచి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి మిగిలింది చినబాబు ఒక్కడే. ఆ వారం అతనికి సెకండ్ షిఫ్టు, రెండింటికి గేటు దగ్గర ఉండాలి. ఒంటిగంటకి భోజనాల విరామంలో నూకమ్మ వచ్చి అతన్ని విడిపిస్తుంది. ఆమె వెళ్లేలోపు ఫస్ట్ షిఫ్టు దిగినవాళ్లు వస్తారు. రోజూ అలాగే సాగింది. ఆ రోజు ఒంటిగంట దాటినా నూకమ్మ రాలేదు. ఆడవాళ్లని బయటికి వదలకుండా మున్షీ సైటు గేటు మూయించాడని తరవాత తెలిసింది. ఫస్ట్ షిఫ్టువాళ్లకి కూడా ఓవర్‌టైమ్ వేసి ఆపేశారు.

"వెళ్లు చినబాబూ, నీ డ్యూటీ పోతుంది," అన్నాను నేను.

"రిలీవర్ రాలేదు కదా మాస్టారూ. మీరు పాఠం సెప్పుకోండి."

రెండింటి సైరన్ వినిపించింది. దాంతో అతని కూలీ, ఆ వారం హాజరూ పోయాయి. అతను గుమ్మంలో అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

కాసేపటికి జీపు వచ్చింది. హెడ్మాస్టరు, గురునాథరావు మనుషులు నలుగురైదుగురు, ఒక హవల్దారు. గదిలో పిల్లల్ని బయటికి పంపి తాళం వేయాలని వచ్చారు.

"ఉఠో భాయ్," అన్నాడు హవల్దారు.

"లేవలేను సాబ్. డ్యూటీలో ఉన్నాను. మేరా రిలీవర్ నహీ ఆయా."

"కౌన్ సీ డ్యూటీ? యే ప్లాంట్ హై క్యా?"

"అంతకన్నా పెద్ద డ్యూటీ సాబ్. లోపల నా కూతురుంది."

గురునాథరావు మనుషుల్లో ఒకడు చినబాబు చొక్కా పట్టుకున్నాడు. లోపల బెంచీలు చప్పుడు చేశాయి. పిల్లలందరూ లేచి వచ్చి చినబాబు వెనకాల నేల మీద కూర్చున్నారు. ముందు భాగ్యరేఖ, పక్కన హార్వే. మరుక్షణం బడి ముందువైపు భవనంలోంచి దెబోరా టీచర్ వచ్చింది, ఆమె వెనక ఏ సెక్షన్ పిల్లలు. టీచర్ చీర కుచ్చిళ్లు సర్దుకుని ఆ తడి నేల మీదే చినబాబు పక్కన కూర్చుంది. చొక్కా పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

హవల్దారు టోపీ తీసి తల గోక్కున్నాడు. "మోర్ టూరా ఘలో దసవీ మా హే," అన్నాడు, తన కొడుకూ పదో తరగతే అని, ఎవరికో కాదు తనకే చెప్పుకుంటున్నట్టు. తరవాత హెడ్మాస్టరు వైపు చూసి, "ఆర్డర్ ఉంది, ఇతన్ని తీసుకెళ్లాల్సిందే," అన్నాడు హిందీలో. "కానీ అతని మనిషి వచ్చేదాకా ఆగుతాను."

నూకమ్మ వచ్చేసరికి వాన జోరయింది. సైటు కంచె దాటి, పాసు అక్కడే పడేసి, పరిగెత్తుకుంటూ వచ్చింది. తల నుంచి ఎర్రనీళ్లు కారుతున్నాయి. జీపునీ పోలీసునీ చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె భర్త ఎదురుగా నిలబడి, షిఫ్టులో నిలబడ్డట్టే నిలబడి అంది:

"నానొచ్చాను. సెప్పు."

చినబాబు లేచాడు.

"పిల్లలంతా ఉన్నారు. నీళ్లు కుండలో ఉన్నాయి, ఓ సెంబు తక్కువ. ఆ మూల రేకు కారతంది, అక్కడ ఎవుల్నీ కూకోబెట్టకు. ఇంకేటి... లెక్కల్లో ఒక పాఠం అయిపోనాది. టీచరమ్మ బాగా సెప్తాది."

"సరే. ఎల్లు."

నూకమ్మ అతను లేచిన చోట కూర్చుంది. అప్పుడు చినబాబు హవల్దారు వెంట నడిచాడు. జీపు ఎక్కే ముందు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. డ్యూటీ అప్పగించిన మనిషి వెనక్కి చూడడు. హవల్దారు తన గొడుగు అతని వైపు వంచాడు.

ఆ జీపుని క్యాంప్ 2 అంతా చూసింది. నాలుగు గంటలకి ఓవర్‌టైమ్ దిగినవాళ్లు హెల్మెట్లతో, సైకిళ్ల మీద నేరుగా బడికే వచ్చారు. పొద్దున్న భయపడి వెళ్లినవాళ్లు తలలు దించుకుని మళ్లీ వచ్చారు. రిసాలి క్వార్టర్ల నుంచి పర్మనెంట్ కార్మికులు వచ్చారు. వాళ్ల పిల్లలు ఈ బడిలో లేరు. సుపేలా నుంచి ఆటోలవాళ్లు వచ్చారు. ఎవరికి ఎవరు రిలీవరో మణిమాల నిలబడి అరుస్తూ చెబుతోంది. బడి ఆవరణలో జాగా లేక జనం రోడ్డు మీద వానలో నిలబడ్డారు.

చీకటి పడుతుండగా లక్ష్మీప్రసాద్ వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది. ముందు నాతో, "మీరు రేపటి నుంచి రానక్కర్లేదని ట్రస్టు చెప్పింది," అన్నారు. నన్ను చూడకుండానే, "క్షమించండి," అని కూడా అన్నారు. తరవాత జనానికి చెప్పారు:

"పిల్లల పేర్లు బోర్డుకి పంపుతాం. గురునాథరావుగారు ఒప్పుకున్నారు. ఇక ఇళ్లకు వెళ్లండి."

ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు. కొందరు లేచారు. అందరూ అలసిపోయి ఉన్నారు, నా కాళ్లు కూడా పీకుతున్నాయి. గెలిచాం అనుకుని వెళ్లి పడుకుంటే ఎంత బాగుంటుందో అనిపించింది.

"అప్పయమ్మత్తా, కూర్చోండి," అంది భాగ్యరేఖ, లేచి నిలబడ్డ ఒకావిడతో. తరవాత హెడ్మాస్టరు వైపు తిరిగింది. "సర్, నా పేరు పంపుతారు. తరవాత ఈ గదికి ఎవరు వస్తారు? ఏ, బి, సి ఉంటాయా? వచ్చే ఏడు తొమ్మిదిలోంచి మళ్లీ ఎవరినో ఇక్కడికి తోస్తారా? మాస్టారిని ఎందుకు తీసేశారు? మా నాన్న ఎక్కడున్నాడు?"

"అవి నా చేతిలో లేవమ్మా," అన్నారు హెడ్మాస్టరు.

"ఐతే ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లని పంపండి సర్. మేం ఇక్కడే ఉంటాం."

అప్పయమ్మ కూర్చుంది. లేచినవాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు. రోడ్డు మీద నిలబడ్డవాళ్లు ఆ మాటలు వినలేదు. ఏమందిరా పిల్ల, ఏమంది అని వెనక్కి వెనక్కి అడుగుతూ పోయారు. జవాబు వరసలో చివరికి చేరేసరికి అక్కడి నుంచి ఒక నినాదమై తిరిగి వచ్చింది. ఇద్దరు ముగ్గురితో మొదలై రోడ్డంతా అందుకుంది: "చినబాబుని వదలాలి! సెక్షన్లు ఎత్తేయాలి!"

వాన తగ్గాక రేపటి డ్యూటీలు పంచుకున్నారు. పొద్దున్న కొందరు ఠాణాకి, కొందరు ప్లాంటు గేటుకి, కొందరు ఇక్కడ. ప్లాంటు గేటు ముందు కూర్చోవడం అనే మాట ఎవరు అన్నారో తెలీదు. అన్నాక ఎవరూ కాదనలేదు. నాకు కూడా ఒక డ్యూటీ వేశారు, ఉద్యోగం పోయిన గంటకే. మొదటి పీరియడ్, సోషల్.

పిల్లల్లో ఇంటికి వెళ్లగలిగినవాళ్లని ఏంజెలా వాళ్ల నాన్న తీసుకెళ్లాడు. మిగిలినవాళ్లు గోనెపట్టాల మీద, తల్లుల పక్కన, రేకుల గదిలోనే నడుం వాల్చారు. నూకమ్మ కూర్చున్న చోటే జోగుతోంది. భాగ్యరేఖ వెళ్లి ఆమె ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నేనొచ్చాను. లోపలికెళ్లి పడుకో."

నూకమ్మ కూతుర్ని కింది నుంచి పైదాకా చూసింది. కాదనలేదు. నీళ్లు, కారే రేకు, నిద్రపోయిన చిన్నపిల్లలు, అన్నీ ఒక్కొక్కటే అప్పగించి లేచింది. ఆ పిల్ల గుమ్మం బయట గోడకి ఆనుకుని, దెబోరా టీచర్ ఇచ్చిన లెక్కల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాసేపు నేనూ పక్కన కూర్చున్నాను.

తడి గాలి లోపలికి కొడుతోంది. దెబోరా టీచర్ లేచి, పిల్లల్ని దాటుకుంటూ వచ్చి, మా ఇద్దరికీ చెరో దుప్పటి అందించి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.